గుమ్మానికి కట్టిన కొమ్మ

ఆ బుధవారం పొద్దున బ్లియా ఎప్పటిలాగే వంటింట్లో పొట్టి పీట వేసుకొని కూర్చుని అమ్మకానికి ఉల్లికాడలు కట్టలు కడుతోంది. కిటికీ అవతల పొగమంచు తెల్లగా నిలబడి ఉంది. జనవరిలో ఆ లోయంతా అంతే, పదింటిదాకా ఎదురింటి కప్పు కూడా కనబడదు. పొయ్యి మీద వెదురుబుట్టలో అన్నం ఆవిరికి ఉడుకుతోంది. ఆమె వేళ్ళు రబ్బరు బ్యాండ్లు తిప్పుతున్నాయి గానీ చెవులు మాత్రం పక్క గదిలోనే ఉన్నాయి.

ఆ గదిలో మనవరాలు కాషియా కాలేజీకి తయారవుతోంది. పిల్లకి ఇరవై ఏళ్ళు. పాలు మానిన దగ్గర్నుంచీ నానమ్మ పక్కనే, ఆ గదిలోనే పడుకుంటోంది. ముందు రోజు రాత్రి దీపం ఆర్పేశాక ఉన్నట్టుండి ఒక మాట అడిగింది.

"నానమ్మా, ఈ గదిలో నువ్వొక్కదానివే పడుకోగలవా?"

"ఎందుకే?"

"ఊరికే అడిగా."

బ్లియా గోడవైపు తిరిగి పడుకుందే గానీ ఆ తర్వాత కన్ను మూతపడలేదు. ఊరికే ఎవరూ ఏదీ అడగరు. థాయిలాండులో శరణార్థుల శిబిరంలో తన తల్లి కూడా ఇలాగే, గిన్నెలు తోముతూ తోముతూ, "పిల్లాణ్ణి వీపుకి కట్టుకొని నువ్వొక్కదానివే బస్సెక్కగలవా?" అని అడిగింది. ఎక్కగలనంది బ్లియా. వెనక బస్సులో వస్తానన్న తల్లి రాలేదు. ఆ వెనక బస్సు కోసం నలభై ఏళ్ళుగా చూస్తూనే ఉంది.

కాషియా వచ్చి నిలబడే అన్నం తినసాగింది. ఆవకూర పులుసు ముట్టుకోలేదు.

"నీ ఫోనేదీ?" అంది బ్లియా.

"చెప్పాగా. సోమవారం తోటలో నీళ్ళ తొట్లో పడింది. బాగుచెయ్యడానికిచ్చా. శుక్రవారం ఇస్తానన్నాడు."

"ఫోను లేకపోయేసరికి ముద్ద దిగడం లేదేమో."

"ముద్ద దిగుతోంది నానమ్మా. నీ ప్రశ్నలే గొంతుకి అడ్డం పడుతున్నాయి."

గిన్నెలు కడుగుతున్న కోడలు షౌవా కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు కూడా బ్లియాకి నచ్చలేదు. తల్లీకూతుళ్ళిద్దరూ ఏదో దాస్తున్నారు. తను గదిలోకి రాగానే మాట మారుస్తున్నారు. కొడుకు ఉంటే నిలదీసి అడిగేది గానీ, లారీ నడిపే వాడు ఆదివారం తప్ప ఇంట్లో ఉండడు.

"సాయంత్రం ఎన్నింటికొస్తావు?"

"నాలుగింటికి."

"పోయిన మంగళవారమూ నాలుగింటికే అన్నావు. ఆరున్నరకి దిగావు. ఎవరిదో బూడిదరంగు కార్లోంచి."

"మా మాస్టారు దింపారు. లైబ్రరీలో ఆలస్యమైంది."

లైబ్రరీ అన్న మాట వినగానే బ్లియా చేతిలో కట్ట ఆగిపోయింది. కూతురు పాహువా పదహారేళ్ళప్పుడు లైబ్రరీకనే చెప్పి వెళ్ళి తిరిగి రాలేదు. మూడో రోజున తెలియని వంశంవాళ్ళ తరఫున పెద్దమనుషులిద్దరు పెళ్ళి రాయబారానికి ఆనవాలుగా చుట్టిన నల్లగొడుగు పట్టుకొని మాటలకి వచ్చారు. బ్లియా తలుపు తీసింది, కుర్చీలు వేసింది, మంచినీళ్ళిచ్చింది. ఇప్పుడు పాహువా మినెసోటాలో ఉంది. మూడేళ్ళకో నాలుగేళ్ళకో ఒకసారి వస్తుంది, వచ్చిన రోజునుంచే తిరుగు ప్రయాణం గురించి మాట్లాడుతుంది.

ఇద్దరూ వెళ్ళిపోయాక బ్లియా గది తలుపు దగ్గరకి వేసి మనవరాలి సొరుగు తీసింది. పిల్ల వస్తువులు వెతకడం తప్పని ఆమెకి తెలుసు. తెలిసే వెతికింది. స్వెట్టర్ల అడుగున ఒక రంగుల కాగితం దొరికింది. బ్లియా బడికి వెళ్ళినది కాదు. కాషియా ఒకటో తరగతి పుస్తకాలు పక్కన పెట్టుకొని అరవై ఏళ్ళకి అక్షరాలు నేర్చుకుంది. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. ఊరి పేరు తెలియలేదు. బొమ్మ మాత్రం బాగా తెలిసింది. ఒక గది, ఒక కిటికీ, రెండు మంచాలు. కింద "ఇద్దరికి ఒక గది" అని రాసి ఉంది. ఆ మాటకి ఎవరో పెన్సిలుతో సున్నా చుట్టారు.

ఆమె కాగితం పట్టుకొని మంచం మీద కూర్చుంది. ఇద్దరికి. ఆ రెండోవాడెవడు?

సరిగ్గా అప్పుడే ఎవరో తలుపు తట్టారు.

తెర తొలగించి చూస్తే ఇద్దరు మగవాళ్ళు. ఇద్దరూ తమవాళ్ళే, మోంగ్ జాతివాళ్ళే. ఒకాయనకి యాభై ఉంటాయి, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఇంకొకాయన అరవై దాటినవాడు. ఆయన చేతిలో చుట్టిన నల్లగొడుగు ఉంది.

బ్లియా తలుపు బెత్తెడు తీసింది గానీ, గొలుసు మాత్రం తియ్యలేదు.

"పెద్దమ్మా, బాగున్నారా? నా పేరు కోంగ్, థావ్ వంశం. ఈయన మా బాబాయి. కాషియా ఇల్లు ఇదేనా?"

"ఎందుకు?"

"పిల్ల భవిష్యత్తు గురించి పెద్దవాళ్ళతో ఒక మాట మాట్లాడదామని వచ్చాం. దూరపు సంగతి. మీరు ఒప్పుకోకుండా ముందుకి వెళ్ళడం మర్యాద కాదు. లోపలికి రావచ్చా?"

ఒక్కొక్క మాటా ఇరవై రెండేళ్ళ కిందట విన్నట్టే ఉంది. అవే మాటలు, అదే వినయం.

"ఆ పిల్ల ఇక్కడ లేదు" అంది బ్లియా. "మినెసోటాలో మేనత్త దగ్గరికి వెళ్ళిపోయింది. ఇంక రాదు."

కోంగ్ థావ్ చూపు ఒక్క క్షణం గుమ్మం పక్కన ఉన్న చెప్పుల మీదికి వెళ్ళింది. "ఎప్పుడు వెళ్ళింది పెద్దమ్మా?"

"వెళ్ళింది" అని తలుపు వేసేసింది.

కారు వెళ్ళిన చప్పుడు విన్నాక పెరట్లో నిమ్మచెట్టు కొమ్మ ఒకటి విరిచి, ఎర్ర దారంతో గుమ్మానికి కట్టింది. గుమ్మానికి పచ్చకొమ్మ ఉందంటే ఆ ఇంట్లో ఏదో నిష్ఠ జరుగుతోందని అర్థం. మూడు రోజులు పైవాళ్ళు ఆ గడప తొక్కరు, తలుపు కూడా తట్టరు. తమవాళ్ళలో ఎంత చదివినవాడైనా ఆ మాట దాటడు. తాళంకన్నా అదే గట్టిదని బ్లియాకి తెలుసు.

సాయంత్రం షౌవా కూరగాయల బుట్టతో గుమ్మంలోనే ఆగిపోయింది.

"అత్తయ్యా, ఈ కొమ్మేంటి?"

"నాకు పాడు కల వచ్చింది. మూడు రోజులు ఎవరూ రాకూడదు."

"ఆత్మల్ని పిలిచే పెద్దాయన్ని అడిగారా?"

"నా కలకి ఆయన్నెందుకు అడగాలి?"

షౌవా ఆమె మొహంలోకి కాసేపు చూసి లోపలికి వెళ్ళింది. భోజనాల దగ్గర అత్త కోడల్ని చూస్తోంది, కోడలు కొమ్మని చూస్తోంది, మనవరాలు కంచం చూసుకుంటోంది.

గురువారమంతా బ్లియా తెర వెనక కుర్చీ వేసుకొని కూర్చుంది. కాషియాకి ఆ రోజు క్లాసులు లేవు, తల్లితో తోటకి వెళ్ళింది. సాయంత్రం అయిదింటికి బూడిదరంగు కారు వచ్చి ఆగింది. కోంగ్ థావ్ ఒక్కడే దిగాడు. చేతిలో ఏదో కవరు. మెట్లదాకా వచ్చాడు, కొమ్మని చూశాడు. చెయ్యెత్తబోయి దించుకున్నాడు. అలా ఒక నిమిషం నిలబడి, కవరు మళ్ళీ చొక్కా జేబులో పెట్టుకొని వెనక్కి వెళ్ళిపోయాడు.

గెలిచానని సంతోషపడాల్సింది. కానీ ఆ మనిషి దిగాలుగా వెళ్ళిన తీరు ఆమెకి నచ్చలేదు. పెళ్ళి మాటలకొచ్చి భంగపడ్డవాడు అలా తల వంచుకొని వెళ్ళడు, గొణుక్కుంటూ వెళతాడు.

శుక్రవారం మధ్యాహ్నం కాషియా సంచి కూడా దించకుండా నేరుగా వంటింట్లోకి వచ్చి నిలబడింది.

"నానమ్మా, నేను మినెసోటా ఎప్పుడు వెళ్ళాను?"

మిరపకాయలు దంచుతున్న షౌవా రోకలి ఆపింది.

"ఎవరన్నారు?" అంది బ్లియా.

"థావ్ మాస్టారు. ఇవాళ కాలేజీలో కనబడి, 'ప్రయాణం బాగా జరిగిందా' అన్నారు. ఆయనేదో వేళాకోళమాడుతున్నారనుకున్నా."

"ఆ థావ్ వాళ్ళేగా, నిన్ను అడగడానికి గొడుగు పట్టుకొని వచ్చింది."

"గొడుగేంటి?"

"నాకు తెలీదనుకోకే. లైబ్రరీ అంటావు, కార్లో దిగుతావు. సొరుగులో గది బొమ్మ పెట్టుకుంటావు. ఇద్దరికి ఒక గది."

షౌవా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అత్తయ్యా, ఆయనకి యాభై ఏళ్ళు. ముగ్గురు పిల్లలు."

"యాభై ఏళ్ళవాళ్ళే పెళ్ళి మాట్లాడ్డానికొస్తారు. చేసుకునేవాడు ఇంట్లో కూర్చుంటాడు."

"వాళ్ళ బాబాయికి కాళ్ళ నొప్పులు, గొడుగు కర్రలా ఆనించుకుంటాడు" అంది కాషియా. "పెద్దవాళ్ళ దగ్గరికి ఒక్కడే వెళ్ళడం బాగుండదని ఆయన్ని తోడు తెచ్చుకున్నారు. పిల్లల్ని రెండేళ్ళ కాలేజీనుంచి నాలుగేళ్ళ కాలేజీకి చేర్చడం ఆయన ఉద్యోగం. లైబ్రరీలో ఆయనా నేనూ నింపింది ఆ దరఖాస్తే. నేను ఉత్తరాన పెద్ద కాలేజీకి పెట్టుకున్నా నానమ్మా. మొక్కల రోగాల చదువు. నాలుగు గంటల దూరం."

బ్లియా పీట దగ్గరికి లాక్కొని కూర్చుంది.

"దానికి రసాయనశాస్త్రంలో ఒక క్లాసు తప్పనిసరి. మా కాలేజీలో పిల్లలు చాలలేదని సోమవారం అది ఎత్తేశారు. మళ్ళీ వచ్చే జనవరిదాకా లేదు. మాస్టారు పక్క ఊరి కాలేజీవాళ్ళని బతిమాలి ఒక్క సీటు పట్టి ఉంచారు. నిన్న రాత్రిలోగా నేను సంతకం పెట్టాలి. నా ఫోను పాడైంది. కంప్యూటర్లో వచ్చిన ఉత్తరాలు నేనూ చూసుకోలేదు, ఆ తప్పు నాదే. అందుకని ఆయనే వచ్చారు. శనివారాలు మంచులో గంట దూరం పంపడానికి పెద్దవాళ్ళు ఒప్పుకుంటారో లేదో అని అడగడానికొచ్చారు. నిన్న కాగితం చేతిలో పట్టుకొని మళ్ళీ వచ్చారు. కొమ్మ చూసి వెళ్ళిపోయారు. మనవాడు కాని మాస్టారైతే కొమ్మని లెక్కచెయ్యకుండా తలుపు బాదేవాడు."

"సీటు?"

"పోయింది. వేరేవాళ్ళకిచ్చేశారు. సీటు లేకపోతే ఆ క్లాసు లేదు. ఆ క్లాసు లేకపోతే ఈ ఏడు నన్ను తీసుకోరు."

వంటింట్లో మిరపకాయల ఘాటు నిండిపోయి ఉంది. ఎవరూ దగ్గలేదు.

"అయితే నా అనుమానం ఉత్తిది కాదుగా" అంది బ్లియా చివరికి. "వెళ్ళిపోతున్నావుగా."

"వెళతాను."

"నాకు చెప్పకుండా."

"ఏప్రిల్లో జవాబొచ్చాక చెబుదామనుకున్నాం. మొన్న మంగళవారం రాత్రి నేను అడిగింది దాని కోసమే. పడుకోగలనంటే అప్పుడే చెప్పేసేదాన్ని. నువ్వు గోడవైపు తిరిగావు."

"ఆ రెండు మంచాలు?"

"హాస్టలు నానమ్మా. ఒక మంచం నాది. రెండోది ఎవరో తెలియని అమ్మాయిది." ఏడుపు ఆపుకోలేక పిల్ల బయటికి వెళ్ళిపోయింది. వాకిట్లో కారు తలుపు పడిన చప్పుడైంది గానీ బండి కదల్లేదు.

షౌవా రోట్లోకి చూస్తూ నెమ్మదిగా అంది. "అత్తయ్యా, మీరేమీ అనుకోనంటే ఒక మాట. పాహువా వెళ్ళింది మీరు ఆ రోజు తలుపు తీసినందువల్ల కాదు. గొడుగు మన గుమ్మంలోకి వచ్చేసరికే మూడు రోజులైంది ఆ పిల్ల వెళ్ళిపోయి."

ఇరవై రెండేళ్ళుగా ఆ మాట ఎవరూ ఆమెతో అనలేదు. కుర్చీలెందుకు వేశాను, మంచినీళ్ళెందుకిచ్చాను అని తనని తనే తిట్టుకుంటూ వచ్చింది. ఇప్పుడు కోడలు పచ్చిమిరపకాయలు దంచుతూ, కళ్ళెత్తకుండా, ఆ బరువు తీసి పక్కన పెట్టేసింది. బరువు దిగితే తేలిక కావాలి. బ్లియాకి మాత్రం ఒళ్ళంతా బోలుగా అనిపించింది.

"ఆయన నంబరు కలుపు" అంది.

షౌవా ఫోను కలిపి ఇచ్చింది.

"నేను కాషియా నానమ్మని. నేను మీతో అబద్ధం చెప్పాను."

"తెలుసు పెద్దమ్మా" అన్నాడు కోంగ్ థావ్. "పిల్ల చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయిగా. కానీ కొమ్మ కట్టిన ఇంటి తలుపు నేనెలా తట్టను? మా అమ్మ ఉన్నా మీలాగే కట్టేదేమో."

ఆ చివరి మాటతో ఆమె దగ్గర మిగిలిన బింకం కూడా పోయింది. ఫోను కోడలికిచ్చి, గుమ్మం దగ్గరికెళ్ళి ఎర్ర దారం ముడి పళ్ళతో లాగి విప్పింది. తర్వాత వాకిట్లోకి వెళ్ళి కారు అద్దం మీద వేలితో కొట్టింది. కాషియా అద్దం కొంచెం దించింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"ఆ సీటు మళ్ళీ రావాలంటే ఎవరి కాళ్ళు పట్టుకోవాలే?"

"ఎవరివీ కాదు. రేపు మొదటి క్లాసు. సీటు లేనివాళ్ళు వెళ్ళి గోడ పక్కన నిలబడచ్చు. పేరున్నవాళ్ళలో ఎవరైనా రాకపోతే, ముందొచ్చి నిలబడ్డవాళ్ళకి ఆ చోటిస్తారు."

"క్లాసు ఎన్నింటికి?"

"తొమ్మిదింటికి."

"అయిదింటికి బయల్దేరదాం."

"నువ్వెందుకు? రేపు సంత ఉందిగా."

"మీ అమ్మ చూసుకుంటుంది. మంచులో రోడ్డు మీద తెల్లగీత కనబడుతోందో లేదో చూసే మనిషి ఒకరుండాలి."

కాషియా పక్క సీటు మీదున్న సంచి తీసి వెనక్కి వేసింది.

మర్నాడు దారి పొడుగునా బ్లియా అద్దానికి మొహం ఆనించి తెల్లగీతనే చూసింది. "ఉంది, ఉంది, ఇంకా ఉంది" అంటూనే ఉంది. సగం దూరం పోయాక కాషియాకి నవ్వొచ్చింది. "నానమ్మా, గీత పోయినప్పుడు చెప్పు చాలు" అంది. రెండు రోజుల్లో అదే మొదటి నవ్వు.

క్లాసు గది తలుపు తీసేసరికి వాళ్ళ కంటే ముందు ఒక్క మనిషే ఉంది. నర్సు బట్టల్లో ఉన్న నడివయసు ఆవిడ, నిలబడే కునుకుతోంది. ఆవిడ పక్కన కాషియా గోడకి ఆనుకొని నిలబడింది. వీళ్ళ తర్వాత ఇంకా అయిదుగురు వచ్చారు. తెల్లజుట్టు టీచరు ఊలుటోపీ పెట్టుకున్న ముసలామెని చూసి ఏమీ అడక్కుండా తలుపు దగ్గర ఒక స్టూలు చూపించింది.

పేర్లు పిలవడం మొదలైంది. ప్రతి పేరుకీ ఎవరో ఒకరు చెయ్యెత్తుతున్నారు. చెయ్యి లేచినప్పుడల్లా బ్లియా గుండె ఒక మెట్టు దిగుతోంది. పదకొండో పేరుకి ఎవరూ పలకలేదు. నర్సావిడ వెళ్ళి కూర్చుంది. మళ్ళీ పేర్లు, మళ్ళీ చేతులు. కాషియా నేలవైపు చూస్తోంది. రాకూడదు, ఇంకొక్కరు రాకూడదు అని బ్లియా లోలోపల జపంలా అనుకుంటోంది. జీవితంలో ఎవరైనా రావాలనే కోరుకుంది తప్ప, రాకూడదని కోరుకోవడం ఇదే మొదలు.

"యెసేనియా బర్రాగాన్" అంది టీచరు.

ఎవరూ పలకలేదు.

"యెసేనియా."

టీచరు తలుపువైపు చూసి, గడియారం చూసి, కాగితం మీద గీత కొట్టింది. కాషియాని చూసి తల ఊపింది. పిల్ల రెండు అంగల్లో వెళ్ళి ఖాళీ కుర్చీలో కూర్చుంది. వెనక్కి తిరిగి నానమ్మని చూసింది. మొహమంతా వెలుగు. బ్లియాకి కళ్ళనిండా నీళ్ళొచ్చి ఆ వెలుగు చెదిరిపోయింది.

దేవుడి దయ అనుకుందామనుకుంది. కానీ మనసు ఆ పేరు దగ్గరే ఆగింది. ఆ పిల్ల కూడా ఏ తెల్లవారుజామునో ఈ సీటు కోసం సంతకం పెట్టే ఉంటుంది. కారు పాడైందో, మంచులో దారి తప్పిందో. లేకపోతే ఈ లోయలో ఇంకో ఇంట్లో, ఇంకో ముసలిది, ఎంతో ప్రేమతోనే, గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉందో. నిన్న కొమ్మ విప్పకపోయుంటే, ఏ క్లాసులోనో ఇలా పిలిచి, పలక్కపోతే గీత కొట్టేసే పేరు కాషియాదే అయ్యేది. ఎందుకు రాలేదో అక్కడెవరికీ తెలిసేది కాదు.

ఆమె స్టూలు మీంచి లేచింది. గోడ పక్కన మిగిలిన అయిదుగురూ సంచులు భుజాన వేసుకొని బయటికి వెళ్ళారు. వాళ్ళ వెనక మూసుకుపోబోతున్న తలుపుని బ్లియా చేత్తో పట్టుకొని ఆపింది. వరండా నిండా మంచు. ఆ చివర ఎవరూ లేరు.

"నానమ్మా" అని కాషియా మెల్లగా పిలిచింది. "క్లాసు మొదలవుతోంది. తలుపు వెయ్యి."

ఆ యెసేనియా ఇప్పుడు పరిగెత్తుకొచ్చిందంటే కాషియా కుర్చీ ఏమవుతుందో బ్లియాకి తెలుసు. అయినా చెయ్యి తియ్యలేదు.

"ఒక్క నిమిషం ఉండవే" అంది, మంచులోకి చూస్తూ. "ఎవరైనా వస్తున్నారేమో."